చాటలో నిలబడ్డ కుంటెద్దు

ఏరువాక పున్నమి వెళ్ళిన తర్వాత ఒక పనిమీద గద్వాల పోయాను. బస్టాండు దగ్గర తోపుడుబండి మీద మట్టి ఎద్దులు అమ్ముతున్నారు. అచ్చులో పోసినవి. తెల్ల రంగు వేసి, కొమ్ములకు ఎరుపు పూసి, జతకొక ప్లాస్టిక్ సంచి తొడిగారు. ఒక జతను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. రెండింటికీ ఎడమ చెవి కిందనే అచ్చు అతికిన గీత ఉంది. ఒకే ఎద్దును రెండుసార్లు చేశారన్నమాట. బండి అతను నా చూపు చూసి, "మన్నెత్తులమ్మా, మంచిగున్నయ్, తీస్కపో. అమాస దగ్గరకొచ్చింది" అన్నాడు. ఆ మాట వినగానే నడిరోడ్డు మీద నాకు నవ్వొచ్చింది. "ఏందమ్మా, నవ్వుతున్నవ్? ఎద్దులు బాగ లేవా?" అన్నాడు అతను, కొంచెం నొచ్చుకుని. "ఎద్దులను చూసి కాదు నాయనా, నువ్వన్న మాటకు" అని చెప్పి, జత కొనుక్కుని వనపర్తి బస్సెక్కాను. ఆ మాటకు నాతోపాటు నవ్వగలిగిన మనిషి ఈ లోకంలో ఇంకొక్కతే మిగిలింది. ఆమె వనపర్తిలో ఉంది.

నేను తారీకులు రాసుకునే మనిషిని. పాలవాడు నాగా పెట్టిన రోజులు, కరెంటు మీటరు అంకెలు, ఎవరి పిల్ల ఏ వారం పుట్టిందన్నది, అన్నీ రాసుకుంటాను. బతుకంతా బడిలో లెక్కలు చెప్పాను కాబట్టి ఆ అలవాటు పోలేదు. కానీ ఈ అధ్యాయంలో తారీకులు వెయ్యను. మేనత్త ఇంట్లో గోడకు క్యాలెండరు ఉండేది కాదు. పున్నమి, అమాస, చాలు పడ్డ రోజు, పురుగు తగిలిన రోజు, అంతే. ఆ కాలానికి నా లెక్క తగిలించడం నాకే ఇష్టం లేదు.

మాది ఖిల్లా ఘణపూర్ పక్క ఊరు. అమ్మకు కాన్పు కష్టమవుతుందని మంత్రసాని అనడంతో ఆ ఎండాకాలం నన్ను మేనత్త ఇంటికి పంపారు. అత్త పేరు ఈరమ్మ. ఊరు గద్వాలకు అవతల, నడిగడ్డలో, మాటల్లో కన్నడం కలిసేంత దూరంలో. ఇల్లు మట్టి మిద్దె. తెల్లవారకముందే అత్త రొట్టెలు తట్టే చప్పుడు వినబడేది. జొన్న పిండి, పిడకల పొగ, పసరాల కొట్టం వాసన, మూడూ కలిసి ఒకే వాసనగా ఇంట్లో తిరిగేవి. నేటికీ పెనం మీద జొన్నరొట్టె మాడితే నాకు ఎద్దులు గుర్తుకొస్తాయి. మామ మాటలు పొదుపు చేసే మనిషి. పొద్దున్నే చల్ల తాగి మీసం తుడుచుకుని, "పోత" అనేవాడు. మాపటికి వచ్చి "వచ్చిన" అనేవాడు. ఆ రెండింటి మధ్య ఆయన నోటి నుంచి వచ్చిన ప్రతి మాటనూ అత్త పండుగలాగా చెప్పుకునేది.

ఆ ఇంట్లో బొమ్మలు కొనడమన్నది లేదు. కావాలంటే చేసుకోవాలి, చేసుకోవడానికీ ఒక పద్ధతి ఉండేది. కొట్టంలో ఎండిన సొప్ప ఉండేది, జొన్న దంటు. దాని పైపొర ఒలిస్తే సన్నటి ఈనెలు వచ్చేవి, లోపల తెల్లటి బెండు ఉండేది. బెండు ముక్కలకు ఈనెలు గుచ్చితే బండి, మంచం, కళ్ళజోడు, ఏదైనా అయ్యేది. మేకుల బదులు తుమ్మ ముళ్ళు. కానీ సొప్ప పసరాల తిండి. పిల్లలు కోసి, బాగా రాలేదని మళ్ళీ కోసి, పారేస్తే అత్త ఊరుకునేది కాదు. "పసరం నోటికాడిది గుంజుకొస్తున్నవ్ బిడ్డా. ఏం చేస్తవో ముందుగాల చెప్పు" అనేది. చెప్పడమంటే నోటితో కాదు. అలికిన నేలమీద బొగ్గుతో గీసి చూపించాలి. బొమ్మ ఎంతుంటుందో గీత అంతే ఉండాలి. గీసిన తర్వాత అత్త చూసి, "మరి ఇది ఏం పని చేస్తది?" అని అడిగేది. బండి అయితే గుప్పెడు జొన్నలు మోసుకుని గడప నుంచి కుడితి గాబు దాకా పోవాలి. మంచమయితే రాయిని పడుకోబెడితే విరగకూడదు. ఇది చెప్పిన తర్వాతే చూరులోంచి కత్తి కిందికి దిగేది. "గీత లేంది కత్తి లేదు" అన్నది ఆ ఇంటి శాసనం.

ఆమెకు ఇంకొక అలవాటు ఉండేది. పిల్లలు చేస్తున్నప్పుడు ఆమె ఎదురుగా కూర్చుని, రెండు చేతులనూ కొంగులో చుట్టుకునేది. చలికి కాదు, నడి ఎండాకాలంలో కూడా అంతే. మా చేతిలో ఈనె వంకరగా దిగుతుంటే ఆమె కొంగులో వేళ్ళు కదిలేవి. బయటికి మాత్రం వచ్చేవి కావు. ఎందుకని అడిగితే, "ఇడిస్తె ఆగవు. నేను సక్కగ చేస్త, నువ్వు సూస్త కూసుంటవ్. అప్పుడు అది నా బండి అయితది" అన్నది. నేను తర్వాత ఎన్నో శిక్షణలకు పోయాను, ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. చదువు చెప్పడం గురించి నాకు మిగిలిన మాట ఇదొక్కటే.

అత్త కూతురు జములమ్మ నాకన్నా కొంచెం పెద్ద. వరుసకు వదినె, కానీ నేను జములక్క అనే పిలిచేదాన్ని. పసితనంలో జ్వరం వచ్చి ఆమె ఎడమ కాలు సన్నబడిపోయింది. నడిస్తే మనిషి ఎడమ వైపుకు దిగి, మళ్ళీ లేచేది. నీళ్ళ బిందె మోస్తే ఎడమ పక్కనే ఒలికేది కాబట్టి ఆమె పరికిణీ ఎప్పుడూ ఒక పక్కనే తడిగా ఉండేది. నోరు మాత్రం రెండు పక్కలా సమంగా పనిచేసేది. ఊళ్ళో ఆమెతో మాటకు మాట నిలిచే పిల్లలు లేరు. అటువంటిది ఏడాదిలో ఒక రోజు మాత్రం ఆమె వీధిలోకి వచ్చేది కాదు.

ఆ రోజు అమాస మరునాడు. ఏరువాక పున్నమి తర్వాత వచ్చే అమాసకు ఆ వైపు ప్రతి ఇంట్లో మట్టి ఎద్దులు చేసి పూజిస్తారు. మరునాడు పిల్లలు ఆ ఎద్దుల్లో ఒకదాని కాలు విరిచి, చాటలో పెట్టుకుని, "కుంటెద్దొచ్చింది, గింజలెయ్యుండ్రి" అని ఇల్లిల్లూ తిరుగుతారు. వచ్చిన జొన్నలతో, పెసళ్ళతో వాగు ఒడ్డున గుడాలు ఉడకబెట్టుకుని తింటారు. ఊరంతటికీ అది సంబరం. కానీ పిల్లల గుంపుకు ఉశేనప్ప అని ఒక పెద్ద పోరడు ముందు నడిచేవాడు. వాడు అత్త గడప ముందుకు రాగానే, "మీకు గింజలడుగుతలేం అత్తా. మీ ఇంట్ల ఉన్న కుంటెద్దును తోలియ్యి, చాలు" అనేవాడట. అందరూ నవ్వేవారట. జములక్క ఆ రోజంతా తిరగలి దగ్గర కూర్చునేదట.

ఇదంతా నాకు తెలియని రోజుల్లోనే నేను ఒక తప్పు చేశాను. మా ఘణపూర్ వైపు మన్నెత్తులన్న మాట లేదు. ఇక్కడ పిల్లలందరూ "మన్నెత్తులు చేద్దం, మన్నెత్తులు చేద్దం" అంటుంటే, నాకు అర్థమైంది ఏమిటంటే మన్నును ఎత్తుగా చెయ్యాలని. ఎవరిది ఎత్తయితే వాళ్ళు గెలుస్తారని. నాకు కొలత అంటే అప్పటికే పిచ్చి. నూలు దారానికి ముడులు వేసి కొలబద్ద చేసుకున్నాను. వాగు మన్ను తెచ్చి, అందరి ఎద్దులనూ దారంతో కొలిచి, వాటికన్నా ఒక ముడి ఎక్కువ వచ్చేలా నా ఎద్దుకు కాళ్ళు పెట్టాను. నాలుగు కాళ్ళూ వెంట్రుకవాసి తేడా లేకుండా సమానం. ఉశేనప్ప గోడ మీద కూర్చుని చూస్తున్నాడు. "ఏం లచ్చీ, ఎద్దును చేస్తున్నవా, మిద్దె కడ్తున్నవా?" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోగా ఎద్దు మోకాళ్ళ మీద పడి, ముక్కు నేలకు ఆనించింది.

అత్త నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో పెట్టుకున్నది. "ఎత్తంటే ఎద్దే బిడ్డా. గీ పక్క కన్నడం కలుస్తది. నిన్ను ఎత్తు కట్టమన్నదెవరే?" అన్నది. మామ ఆ పూట మూడు మాటలు ఎక్కువ మాట్లాడాడు. "ఒంటెకు కొమ్ములు వెట్టినట్టున్నది" అన్నాడు. అప్పటి నుంచి ఆ ఊరు విడిచేదాకా నా పేరు ఎత్తు లచ్చి.

జములక్క మాత్రం నవ్వలేదు. పడిపోయిన నా ఎద్దును పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసింది. ఒక ముందు కాలును విరిచేసి, మిగిలిన వాటి మీద నిలబెట్టబోయింది. పడింది. మళ్ళీ పెట్టింది. పడింది. "అందరు కుంటెద్దును చాటల పండవెడ్తరు. ఎందుకు?" అన్నది. "నిలవడదు కద" అన్నాను. "నేను కుంటిదాన్నే. నిలవడ్తలేనా?" అన్నది. ఆ మాపు ఆమె వీధిలోకి పోయి ఉశేనప్పను పిలిచి చెప్పింది: "ఈసారి ముందట నేను నడుస్త. నా కుంటెద్దు చాటల పండదు, నిలవడ్తది."

ఉశేనప్ప నవ్వాడు. కానీ వాడు మాట తప్పే రకం కాదు. "మీ గడప కాడికెల్లి గిర్ని దాంక. పడకపోతె నువ్వే ముందట, ఏటేట నువ్వే ముందట. పడితె మాత్రం కుంటెద్దునని నీ నోటితోనే అనాలె, గిర్ని కాడ, అందరి ముందట." గిర్ని అంటే వీధి చివరి పిండిమర. ఊళ్ళో జనమంతా ఉండే చోటు అదే. జములక్క "సరే" అని వచ్చింది. ఇంట్లోకి వచ్చిన తర్వాత ఆమె చెంబు ఎత్తి నీళ్ళు తాగడం చూశాను.

మరునాటి నుంచి ఆ ఇంట్లో పని అదే. అత్త తన పద్ధతి మార్చలేదు. కూతురని కూడా చూడలేదు. "గీసి చూపియ్యి" అన్నది. జములక్క నేలమీద ఎద్దును పక్క నుంచి గీసింది. అత్త చూసి, "పై నుంచి గియ్యి. గద్ద చూసినట్టు" అన్నది. అలా గీసినప్పుడు నాలుగు కాళ్ళు నాలుగు చుక్కలయ్యాయి. ఒక చుక్క చెరిపితే మూడు. ఆ మూడు చుక్కల నడుమ ఎద్దు బరువు ఎక్కడ పడుతుందో జములక్క వేలు పెట్టి వెతికింది. నేను లెక్కల పుస్తకంలో త్రికోణాన్ని చూడడానికి ఇంకా చాలా కాలం ఉంది. దాన్ని మొదట చూసింది ఆ పేడతో అలికిన నేలమీద.

ఎద్దు నేలమీద నిలబడేలా చెయ్యడం రెండు మూడు ప్రయత్నాల్లోనే వచ్చింది. మిగిలిన ముందు కాలును నడిమికి జరిపి, తలను అదే పక్కకు తిప్పితే చాలు. నల్లమన్ను ఎండి పగులుతుంటే మామ దారిన పోతూ "పత్తి" అన్నాడు. మన్నులో పత్తి కలిపి పిసికితే పగుళ్ళు ఆగాయి. చాటలో పెట్టి నేను ముంగిట్లో నడిస్తే ఎద్దు కదలలేదు. జములక్క చాట అందుకుని నడవగానే పడిపోయింది. చాట ఆమెతోపాటు ఎడమకు దిగి లేస్తోంది. ఎన్నిసార్లు నడిచినా గాబు దగ్గరికి చేరకముందే పడుతోంది. కొమ్ము విరిగింది, మళ్ళీ పెట్టింది. మూపురం రాలింది, మళ్ళీ పెట్టింది. అమాస దగ్గరపడుతోంది.

నాకు జాలి వేసింది. "అక్కా, ఎద్దు నువ్వు చెయ్యి. చాట నేను మోస్త. నా నడక తిన్నగ ఉంటది" అన్నాను. ఆమె మట్టి చేతులతో నా వైపు చూసింది. కోపంగా కాదు, అర్థం కానట్టు. "నీ నడకకు నిలవడేది నాకెందుకు లచ్చీ? నేను నడిస్తె నిలవడాలె" అన్నది.

ఆ మాట అని ఆమె ఎద్దును పక్కన పెట్టింది. లేచి ఖాళీ చాటలో ఒక గోలీని పెట్టుకుని ముంగిట్లో నడిచింది. గోలీ ఎటు దొర్లుతుందో చూసింది. మళ్ళీ నడిచింది. బొగ్గు తీసుకుని పాత గీతను అరచేత్తో తుడిచేసి కొత్తగా గీసింది. ఇంతవరకూ ఆమె తన కాలులాగే ఎద్దుకూ ఎడమ కాలునే తీసేస్తోంది. ఇప్పుడు కుడి ముందు కాలును తీసేసింది. ఎడమ పక్క రెండు కాళ్ళనూ దూరదూరంగా, బయటికి చాపి పెట్టింది. కడుపును కిందికి దించింది. నేను ఎత్తు కోసం ఎంత కష్టపడ్డానో ఆమె ఎత్తు తగ్గించడానికి అంత కష్టపడింది. వెనక కాలు కొంచెం వంకరగా దిగుతుంటే నా చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది. "లచ్చీ, చేతులు కొంగుల వెట్టుకో" అన్నది అత్త. "నాకు కొంగు లేదత్తా" అన్నాను. "అయితే గౌను జేబుల వెట్టుకో. ఎక్కడన్న వెట్టుకో. దాన్ని మాత్రం ముట్టకు" అన్నది. నేను రెండు చేతులనూ నా కిందే వేసుకుని వాటి మీద కూర్చున్నాను. తిమ్మిరెక్కాయి.

అమాస పూజ అయింది. మరునాడు పొద్దున్నే పిల్లలంతా అత్త గడప ముందుకు వచ్చారు. జములక్క తల దువ్వి, పువ్వు పెట్టుకుని, చాట రెండు చేతులతో పట్టుకుని బయటికి వచ్చింది. చాటలో నల్లటి ఎద్దు, గురిగింజల కళ్ళు, తుమ్మ ముళ్ళ కొమ్ములు, మూడు కాళ్ళు. తల ఎడమకు తిప్పి, ఎవరో పిలిస్తే చూస్తున్నట్టుంది. పిల్లలు జరిగి దారిచ్చారు. ఆమె నడిచింది. చాట దిగింది, లేచింది. ఎద్దు కూడా దిగి లేచింది. చూస్తే ఎద్దే నడుస్తున్నట్టుంది. తలుపుల దగ్గర ఆడవాళ్ళు గింజలు పట్టుకుని నిలబడ్డారు. పొయ్యడం మరిచిపోయారు. అత్త గడపలోనే నిలబడింది, చేతులు కొంగులో.

దారి నడుమ ఒక బండ లేచి ఉంటుంది. అక్కడ జములక్క కాలు జారి మనిషి బాగా ఒరిగింది. ఎద్దు చాట అంచుదాకా జరిగింది. పక్కన ఉన్న ఉశేనప్ప చెయ్యి ముందుకు చాచాడు, పట్టుకోవడానికే. "ముట్టకురా" అన్నది జములక్క. ఎద్దు చాపిన ఎడమ కాళ్ళను చాట అంచుకు తన్నిపెట్టి నిలిచింది. ఆమె ఊపిరి పీల్చుకుని, మళ్ళీ నడిచి, గిర్ని ముందు ఆగింది. గిర్ని ఆడించే మనిషి మర ఆపి బయటికి వచ్చాడు. ఉశేనప్ప తలగోక్కుని, "మా ఎద్దులకు నాలుగు కాళ్ళుండి ఏం లాభమే జములక్కా" అని, తన చాటను తీసుకుని ఆమె వెనక నిలబడ్డాడు. వాడు అంతకుముందు ఆమెను అక్కా అని పిలవగా ఎవరూ వినలేదు.

ఆ రోజు గుడాల్లో ఉప్పు ఎక్కువైంది. అయినా అంత రుచి నేను మళ్ళీ ఎరగను. అమ్మకు ఆడపిల్ల పుట్టిందని కబురు వచ్చి నేను మా ఊరికి వెళ్ళిపోయాను. జములక్క ఏటేటా ముందు నడిచింది. తర్వాత బడికి పోయింది. పంతులమ్మ అయింది. వనపర్తిలో ఒక చిన్నబడిలో పనిచేసి, అక్కడే రిటైరై, ఇప్పటికీ వారానికొక పూట ఆ బడి వరండాలో పిల్లలచేత బొమ్మలు చేయిస్తుంది. నేను లెక్కలు చెప్పాను కాబట్టి నా పిల్లలు ఎంతమంది ఎక్కడున్నారో చెప్పగలను. ఆమె పిల్లల లెక్క ఎవరూ రాయలేదు. కానీ ఆ వీధుల్లో బండి బాగుచేసే మనిషిని, మర నడిపే మనిషిని ఆపి అడిగితే, "జములమ్మ టీచర్ కాడ ఆటో చేసిన" అనో, "కప్ప చేసిన" అనో చెబుతారు. చదివిన పాఠం పేరు ఎవరూ చెప్పరు.

నేను పోయేసరికి ఆమె వరండాలోనే ఉంది. ఇప్పుడు చేతికర్ర వచ్చింది, దిగి లేవడం మాత్రం అదే. గద్వాల జతను సంచిలోంచి తీసి ఇచ్చి, "మన్నెత్తులు" అన్నాను. ఇద్దరం కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాం. పిల్లలు మమ్మల్ని చూసి పరేషానయ్యారు. ఆమె అచ్చు ఎద్దును తిప్పి చూసి, "మంచిగనే ఉంది. చేసినోళ్ళకు అన్నం వెడ్తది. పిల్లలకు చెయ్యనీకె ఏం మిగల్చలేదు, గంతే" అని పక్కన పెట్టింది. ఈ రోజుల్లో బొమ్మలు చేసుకునే పెట్టెలు కూడా దుకాణాల్లో దొరుకుతాయి. ముక్కలు కోసి ఉంటాయి, ఏది ఎక్కడ అతికించాలో కాగితం మీద ఉంటుంది. పాతకాలమే గొప్పదని నేను అనను. అప్పుడు ఆ ఊళ్ళో జములక్క కాలుకు మందు లేదు, ఇప్పుడు పోలియో చుక్కలున్నాయి. ఆ లెక్కలో ఇప్పటిదే పైచేయి. కానీ పెట్టెలో నడక ఉండదు. ఎవరి నడకకు నిలబడే బొమ్మను వాళ్ళే గీసుకోవాలి.

బండ నేలమీద ఒక చిన్నపిల్ల సుద్దతో ఆటోను గీసింది. జములక్క అడిగింది: "ఇది ఏం పని చేస్తది?" "మా తాతను దవాఖానకు తీస్కపోతది." "తాత ఏడ కూసుంటడు మరి?" పిల్ల గీతను చూసుకుని నాలుక కరుచుకుంది. చెరిపి మళ్ళీ గీసింది. అట్టముక్కలు కోసింది, సీసా మూతలు చక్రాలుగా పెట్టింది. తాత అని ఒక గులకరాయిని ఏరి తెచ్చి కూర్చోబెట్టింది. ఆటో తాత వైపుకు ఒరిగింది. పిల్ల తాతను కొంచెం ఇటు జరిపింది. ఇప్పుడు ఇటు ఒరిగింది. చక్రాన్ని ఎక్కడికి జరపాలో నాకు కనబడుతోంది. ఒక్క వేలెడు, అంతే. నా చెయ్యి లేచింది.

"లచ్చీ" అన్నది జములక్క, నా వైపు చూడకుండానే. "చేతులు."

ఆ రోజు నాకు లేని కొంగు ఇప్పుడు ఉంది. రెండు చేతులనూ దాంట్లో చుట్టుకుని కూర్చున్నాను. లోపల వేళ్ళు కదులుతూనే ఉన్నాయి. పిల్ల తాతను దింపి పక్కన కూర్చోబెట్టి, సుద్దముక్క అందుకుని, గద్ద చూసినట్టు పై నుంచి గీయడం మొదలుపెట్టింది.